సాహస చిత్రాల్లో సముద్రపు దొంగ కథానాయకుడు

సముద్రపు దొంగ కథానాయకుడు సాహస చిత్రాల్లో దాదాపు నూరేళ్లుగా కొనసాగుతున్న పాత్ర. ఓడలు దోచుకోవడం అతని వృత్తి. పట్టుబడితే ఉరి తప్పదు. అయినా కథ నడిచేకొద్దీ అతను తప్పించుకుంటే బాగుండునని ప్రేక్షకుడికి అనిపిస్తుంది. 1926లో డగ్లస్ ఫెయిర్‌బ్యాంక్స్, 1935లో ఎరల్ ఫ్లిన్, 1950లో రాబర్ట్ న్యూటన్, 2003లో జానీ డెప్ ఈ పాత్రకు ఒక్కొక్కరు ఒక్కో రూపమిచ్చారు. అన్ని రూపాల్లోనూ ఒక సూత్రం నిలకడగా ఉంది. దొంగకు ఎదురు నిలిచిన రాజో, గవర్నరో, వర్తక కంపెనీయో ఎంత దుర్మార్గంగా కనిపిస్తే, దొంగకు అంత మంచితనం దక్కుతుంది. మారుతూ వచ్చింది వేరొకటి: అతని నేరంలో ఎంత భాగాన్ని సినిమా కడిగేసింది, ఎంత భాగాన్ని అతని మీదే ఉంచింది అన్నది.

చారిత్రక నేపథ్యం

అట్లాంటిక్, కరేబియన్, హిందూ మహాసముద్ర జలాల్లో సుమారు 1650 నుంచి 1730 వరకు సాగిన కాలాన్ని సముద్ర దోపిడీకి స్వర్ణయుగంగా చరిత్రకారులు పేర్కొంటారు. ఆ రోజుల్లో దొంగకూ రాజసేవకుడికీ మధ్య గీత చాలా సన్ననిది. యుద్ధకాలంలో శత్రుదేశపు ఓడలను పట్టుకునేందుకు రాజులు ప్రైవేటు నావికులకు అనుమతి పత్రాలు ఇచ్చేవారు. ఇలా పత్రం పొందినవారిని ప్రైవేటీర్లు అనేవారు. రాజుల మధ్య సంధి కుదిరిన మరునాటి నుంచి అదే పని నేరమయ్యేది.

హెన్రీ మోర్గాన్, విలియం కిడ్‌ల జీవితాలు ఈ అస్థిరతకు రెండు కొసలు. మోర్గాన్ 1671లో స్పెయిన్ అధీనంలోని పనామా నగరాన్ని దోచాడు. అప్పటికే ఇంగ్లండ్, స్పెయిన్‌ల మధ్య ఒప్పందం కుదిరి ఉండటంతో అతన్ని నిర్బంధించి లండన్‌కు తీసుకెళ్లారు. శిక్ష పడలేదు సరికదా, 1674లో నైట్ బిరుదు వచ్చింది, జమైకా లెఫ్టినెంట్ గవర్నర్ పదవీ వచ్చింది. కిడ్ సంగతి దీనికి తలకిందులు. దొంగలను పట్టుకోవడానికే అనుమతి పత్రంతో బయలుదేరినవాడు 1698లో మలబారు తీర జలాల్లో ‘క్వెడా మర్చంట్’ అనే సరుకు ఓడను పట్టుకున్నాడు. లండన్‌లో అతనికున్న పెద్దల అండ కరిగిపోయింది. 1701లో థేమ్స్ ఒడ్డున ఉరి తీశారు.

సముద్రపు దొంగల ఓడల్లో కొన్ని లిఖిత నియమాలు ఉండేవి. కెప్టెన్‌ను నావికులే ఎన్నుకునేవారు, నచ్చకపోతే దించేసేవారు. దోపిడీ సొమ్ములో వాటాలు ముందే నిర్ణయమయ్యేవి. అవయవాలు పోగొట్టుకున్నవారికి పరిహారం ఉండేది. కొరడా దెబ్బలకూ జీతాల ఎగవేతకూ పేరుపడ్డ నాటి వర్తక, యుద్ధ నౌకలతో పోలిస్తే ఇది వేరే లోకం. అమెరికన్ చరిత్రకారుడు మార్కస్ రెడికర్ ‘విలన్స్ ఆఫ్ ఆల్ నేషన్స్’ (2004) పుస్తకంలో ఈ కోణాన్ని విపులంగా చర్చించారు.

సాహిత్య, రంగస్థల మూలాలు

ఈ దొంగలు బతికి ఉండగానే కథలకెక్కారు. మోర్గాన్ దండయాత్రల్లో పాల్గొన్న అలెగ్జాండర్ ఎక్స్‌క్వెమెలిన్ రాసిన పుస్తకం 1678లో ఆమ్‌స్టర్‌డామ్‌లో వెలువడింది. ఆంగ్లానువాదం వచ్చాక మోర్గాన్ ప్రచురణకర్తలపై పరువునష్టం దావా వేసి గెలిచాడు. హెన్రీ ఎవరీ 1695లో మక్కా నుంచి సూరత్‌కు తిరిగొస్తున్న ఔరంగజేబు ఓడ ‘గంజ్-ఇ-సవాయి’ని దోచి, ఎవరికీ చిక్కకుండా మాయమయ్యాడు. 1712లో లండన్‌లోని డ్రూరీ లేన్ రంగస్థలంపై అతని కథ నాటకమైంది. అందులో అతను మడగాస్కర్‌కు రాజు. కెప్టెన్ చార్లెస్ జాన్సన్ పేరుతో 1724లో లండన్‌లో వచ్చిన ‘ఎ జనరల్ హిస్టరీ ఆఫ్ ది పైరేట్స్’ బ్లాక్‌బియర్డ్, బార్తలొమ్యూ రాబర్ట్స్, ఆన్ బోనీ, మేరీ రీడ్ తదితరుల జీవితాలను ఒకచోట చేర్చి, తర్వాతి రచయితలకు ప్రధాన ఆకరమైంది.

లోపల గాయం, బయట క్రౌర్యం ఉన్న నాయకుడిని బైరన్ ‘ది కోర్సెయిర్’ (1814) కావ్యం ప్రచారంలోకి తెచ్చింది. వెలువడిన తొలిరోజే అది 10,000 ప్రతులు అమ్ముడుపోయింది. రాబర్ట్ లూయీ స్టీవెన్‌సన్ ‘ట్రెజర్ ఐలాండ్’ (1883)లో లాంగ్ జాన్ సిల్వర్‌ను సృష్టించాడు. ఓడలో వంటవాడిగా చేరిన ఈ ఒంటికాలి మనిషి జిమ్ అనే కుర్రాడిని ఆప్యాయంగా చూస్తూనే తిరుగుబాటుకు పథకం వేస్తాడు, నరహత్యకు వెనుకాడడు. చివర్లో రచయిత అతన్ని శిక్షించకుండా వదిలేశాడు.

రఫేల్ సబాటిని నవలలు ‘ది సీ హాక్’ (1915), ‘కెప్టెన్ బ్లడ్’ (1922) మరో దారి వేశాయి. వాటి నాయకులు సజ్జనులు. అన్యాయానికి గురై, గత్యంతరం లేక దోపిడీకి దిగుతారు. ఇటలీలో ఎమీలియో సల్గారీ సృష్టించిన సాందోకాన్ బ్రిటిష్ వలస పాలకులపై కత్తిగట్టిన బోర్నియో రాకుమారుడు. సినిమా తర్వాత నడిచిన దారులు మూడూ ఇక్కడివే: సజ్జనుడైన దొంగ, నమ్మరాని ఆత్మీయుడు, వలస పాలనపై తిరగబడినవాడు.

మూకీ చిత్రాలు

తలకు గుడ్డ, నడుముకు పట్టీ, చెవికి పోగు ఉన్న వేషం చాలావరకు అమెరికన్ చిత్రకారుడు హోవార్డ్ పైల్ ఊహ. ఆయన బొమ్మల సంకలనం 1921లో పుస్తకంగా వచ్చింది. ‘ది బ్లాక్ పైరేట్’ (1926) ఆ బొమ్మలకు ప్రాణం పోసింది. తొలినాటి రెండు రంగుల టెక్నికలర్‌లో తీసిన ఈ చిత్రంలో, తెరచాపలో కత్తి గుచ్చి దాన్ని చీల్చుకుంటూ ఫెయిర్‌బ్యాంక్స్ పైనుంచి కిందికి జారే దృశ్యాన్ని తర్వాత ఎందరో అనుకరించారు. ఇందులో నాయకుడు అసలు దొంగే కాదు. తండ్రి చావుకు పగ తీర్చుకునేందుకు దొంగల్లో చేరిన కులీనుడు. దోపిడీలోని థ్రిల్లంతా ప్రేక్షకుడికి అందుతుంది, నాయకుడికి మాత్రం మచ్చ అంటదు.

అంతకు రెండేళ్ల ముందు ఫ్రాంక్ లాయిడ్ తీసిన ‘ది సీ హాక్’ (1924) మరింత సాహసించింది. నవలలో ఉన్నట్టే ఇందులోనూ ఆంగ్ల కులీనుడు సర్ ఆలివర్ సవతి తమ్ముడి ద్రోహానికి గురై, ఉత్తరాఫ్రికా ఓడదొంగల్లో చేరి, వారి మతం స్వీకరించి, క్రైస్తవ ఓడలపై దాడులు చేస్తాడు.

స్టూడియోల కాలం, నైతిక నియమావళి

హాలీవుడ్ నిర్మాతలు 1930లో ఒప్పుకున్న నిర్మాణ నియమావళి 1934 నుంచి కఠినంగా అమలైంది. ప్రేక్షకుల సానుభూతి నేరం వైపు మళ్లకూడదన్నది దాని మూలసూత్రం. ఆ లెక్కన సముద్రపు దొంగ కథానాయకుడు కావడమే కష్టం. ఆ చిక్కును దాటే ఉపాయం సబాటిని నవలల్లో సిద్ధంగా ఉంది.

మైకేల్ కర్టిజ్ దర్శకత్వంలో వార్నర్ బ్రదర్స్ తీసిన ‘కెప్టెన్ బ్లడ్’ (1935) ఆ ఉపాయాన్ని చక్కగా వాడుకుంది. రాజు జేమ్స్‌పై 1685లో జరిగిన మన్మత్ తిరుగుబాటులో గాయపడిన ఒకరికి చికిత్స చేసినందుకు వైద్యుడు పీటర్ బ్లడ్‌ను దేశద్రోహిగా తేల్చి, జమైకాకు పంపి బానిసగా అమ్ముతారు. తోటి ఖైదీలతో తప్పించుకుని, స్పానిష్ ఓడ చేజిక్కించుకుని దొంగగా మారతాడు. రాజు జేమ్స్ పదవి కోల్పోయాడని, విలియం సింహాసనమెక్కాడని తెలియగానే కొత్త రాజు కొలువులో చేరి, చివరికి తనను అమ్మిన ఊరికే గవర్నర్ అవుతాడు. అంటే ఇక్కడ మారాల్సింది నాయకుడు కాదు, ప్రభుత్వం. చేతికి మట్టి అంటించుకున్నా చట్టం ముందు నిర్దోషిగా నిలబడే ఈ నిర్మాణం తర్వాతి పదిహేనేళ్లు ఆదర్శమైంది. ప్రధాన పాత్రకు మొదట అనుకున్న రాబర్ట్ డోనట్ తప్పుకోవడంతో అవకాశం దక్కిన ఎరల్ ఫ్లిన్ ఒక్క చిత్రంతో తారగా ఎదిగాడు.

అదే స్టూడియో, అదే దర్శకుడు, అదే నటుడితో వచ్చిన ‘ది సీ హాక్’ (1940) సబాటిని పేరు మాత్రమే తీసుకుంది. మతం మారిన ఓడదొంగ స్థానంలో ఎలిజబెత్ రాణికి రహస్యంగా సేవ చేసే జెఫ్రీ థోర్ప్ వచ్చాడు. లోకాన్నంతా మింగాలనుకునే స్పెయిన్ రాజు ఫిలిప్‌లో నాటి ప్రేక్షకులు హిట్లర్‌ను పోల్చుకున్నారు. చిత్రం చివర రాణి ప్రసంగం ఆ పోలికను దాచలేదు. ‘ది బకనీర్’ (1938)లో సెసిల్ బి. డిమిల్ చూపిన జాన్ లఫీట్ కూడా 1815 నాటి న్యూ ఆర్లీన్స్ యుద్ధంలో అమెరికా పక్షాన నిలిచి, దేశభక్తితోనే పాపం కడుక్కుంటాడు. టైరన్ పవర్ నటించిన ‘ది బ్లాక్ స్వాన్’ (1942) గవర్నరైన మోర్గాన్‌నే పాత్రగా తెచ్చి, నిన్నటి దొంగలను నేడు ఏరివేయాల్సిన ఇరకాటంలో పెట్టింది.

అభిమానించే ప్రేక్షకుడినే కథావస్తువుగా చేసుకున్న చిత్రం విన్సెంట్ మినెల్లి ‘ది పైరేట్’ (1948). మకోకో అనే దొంగ గురించి కలలు కనే యువతిగా జూడీ గార్లండ్, ఆమె మనసు గెలిచేందుకు తానే మకోకోనని నమ్మించే నటుడిగా జీన్ కెల్లీ కనిపిస్తారు. నిజమైన మకోకో ఆమెకు నిశ్చయమైన పెళ్లికొడుకు, ఊరి మేయరు, లావుపాటి మనిషి. ఆమె ప్రేమించింది వేషాన్నేనని చిత్రం తేల్చి చెప్పింది. విడుదలైనప్పుడు నష్టాలపాలైనా, ఈ ఆకర్షణను ఇంత సూటిగా విశ్లేషించిన స్టూడియో చిత్రం అరుదు.

సిల్వర్ మార్గం

1950లో డిస్నీ సంస్థ పూర్తిగా నటులతో తీసిన తన తొలి చిత్రంగా ‘ట్రెజర్ ఐలాండ్’ను విడుదల చేసింది. సిల్వర్ పాత్రలో రాబర్ట్ న్యూటన్ నైరుతి ఇంగ్లండ్ యాసను సాగదీసి పలికిన తీరు ఆ తర్వాత సముద్రపు దొంగలందరి భాష అయిపోయింది. ముగింపులో పడవపై పారిపోతున్న సిల్వర్ జిమ్‌కు పిస్తోలు గురిపెట్టినా కాల్చలేకపోతాడు. ఇసుకలో ఇరుక్కున్న పడవను అతనొక్కడే నెట్టలేక అవస్థపడుతుంటే, చివరికి ఆ కుర్రాడే నెట్టి సాగనంపుతాడు. సిల్వర్‌కు అన్యాయపు గతమేదీ లేదు, క్షమాపత్రం రాదు, పశ్చాత్తాపం కలగదు. అతని నేరాలు తెలిసి కూడా జిమ్ సాయం చేస్తాడు. నైతిక సందిగ్ధత దొంగ గుండెలోంచి చూసేవాడి గుండెలోకి మారింది.

దీన్ని మరింత చేదుగా చూపింది అలెగ్జాండర్ మెకెండ్రిక్ తీసిన ‘ఎ హై విండ్ ఇన్ జమైకా’ (1965). ఆంథొనీ క్విన్ నాయకత్వంలోని దొంగల ఓడలోకి కొందరు పిల్లలు చేరతారు. భయంలో ఒక బాలిక చేసిన హత్యకు దొంగలు ఉరికంబమెక్కుతారు. ఎన్నో నేరాలు చేసినవారు చేయని నేరానికి చావడం, శిక్ష వేసిన న్యాయస్థానానికి నిజం తెలియకపోవడం ఇందులోని విషాదం.

వెటకారం, క్షీణత

రాబర్ట్ సియోద్మాక్ ‘ది క్రిమ్సన్ పైరేట్’ (1952) ఈ పాత్రను గారడీ వైపు తిప్పింది. సర్కస్‌లో పనిచేసి వచ్చిన బర్ట్ లాంకాస్టర్ విన్యాసాలు కథను మించిపోయాయి. అతని పాత్ర తిరుగుబాటుదారులను అమ్మి సొమ్ము చేసుకుందామని దిగి, చివరికి వారి పక్షాన చేరుతుంది. అదే రోజుల్లో జాక్ టూర్నర్ ‘ఆన్ ఆఫ్ ది ఇండీస్’ (1951)లో జీన్ పీటర్స్ చేత స్త్రీ కెప్టెన్ పాత్ర వేయించి, నాయకుడికి దక్కే క్షమ ఆమెకు దక్కనివ్వలేదు.

1960ల తర్వాత ఓడల ఖర్చు పెరిగి ఈ తరహా చిత్రాలు తగ్గాయి. రోమన్ పొలాన్‌స్కీ ‘పైరేట్స్’ (1986) పరాజయం పాలైంది. రెన్నీ హార్లిన్ ‘కట్‌త్రోట్ ఐలాండ్’ (1995)కు దాదాపు 10 కోట్ల డాలర్లు ఖర్చవగా, అమెరికాలో వచ్చింది సుమారు కోటి డాలర్లే. దాన్ని నిర్మించిన కరోల్కో సంస్థ దివాలా తీసింది. ఈలోగా పాత్ర మాత్రం వేషం మార్చుకుని బతికింది. ‘స్టార్ వార్స్’ (1977)లో హాన్ సోలో అప్పులపాలైన స్మగ్లర్. డబ్బు తీసుకుని వెళ్లిపోయినవాడు చివరి పోరాటంలో తిరిగొస్తాడు. జపాన్‌లో హయావో మియజాకి ‘కాజిల్ ఇన్ ది స్కై’ (1986)లో ఆకాశపు దొంగల ముఠాను ముసలి తల్లి డోలా నడిపిస్తుంది. ‘ది ప్రిన్సెస్ బ్రైడ్’ (1987)లో డ్రెడ్ పైరేట్ రాబర్ట్స్ అనేది ఒకరి నుంచి ఒకరికి బదిలీ అయ్యే పేరు మాత్రమే. ఆ పేరు చూసి జనం భయపడితే చాలు, దాని వెనుక ఎవరున్నా ఒకటే.

జాక్ స్పారో

కాలిఫోర్నియా డిస్నీల్యాండ్‌లో 1967లో మొదలైన వినోద విహారం ఆధారంగా గోర్ వెర్బిన్‌స్కీ తీసిన ‘పైరేట్స్ ఆఫ్ ది కరేబియన్: ది కర్స్ ఆఫ్ ది బ్లాక్ పెర్ల్’ 2003లో విడుదలైంది. ప్రపంచవ్యాప్తంగా 65 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది. రాక్ గిటారిస్ట్ కీత్ రిచర్డ్స్ నడక, మాట తీరుల నుంచి జానీ డెప్ జాక్ స్పారోను మలచుకున్నాడు. ఆ తూగుడు నటన చూసి స్టూడియో అధికారులు మొదట కంగారుపడ్డారు. తర్వాత ఉత్తమ నటుడి విభాగంలో ఆస్కార్ నామినేషన్ వచ్చింది.

మునిగిపోతున్న పడవ స్తంభం కొనపై ఠీవిగా నిలబడి రేవులోకి రావడం, దారిలో వేలాడుతున్న దొంగల అస్థిపంజరాలకు టోపీ తీయడం స్పారో ప్రవేశ దృశ్యం. అతనిలో సబాటిని నాయకుడి గౌరవం లేదు, పగ లేదు. స్నేహితుడిని తాకట్టు పెడతాడు, మళ్లీ కాపాడతాడు. రెండింటిలో ఏది ఎత్తుగడో ఏది మనసో చివరిదాకా తేలదు. కథలో ప్రేమ, ధర్మం, పెళ్లి వంటి బాధ్యతలను విల్ టర్నర్, ఎలిజబెత్ స్వాన్‌ల జంటకు అప్పగించడం వల్లే స్పారోకు ఇంత స్వేచ్ఛ దొరికింది. అతన్నే ఏకైక నాయకుడిగా నిలిపిన నాలుగో చిత్రం (2011) 100 కోట్ల డాలర్లు దాటినా, ఆ పొందిక లేదని విమర్శకులు పెదవి విరిచారు.

రెండు, మూడు చిత్రాల్లో (2006, 2007) ప్రతినాయకత్వం ఈస్ట్ ఇండియా కంపెనీ ప్రతినిధి కట్లర్ బెకెట్‌కు దక్కింది. మూడో చిత్రం సామూహిక ఉరితీతలతో మొదలవుతుంది. తరలించమన్న బానిసలను విడిపించినందుకే స్పారో కంపెనీకి శత్రువయ్యాడని సూచించే సన్నివేశం తీసి కూడా విడుదల ప్రతిలోంచి తొలగించారు. అది ఉంటే అతను మరో పీటర్ బ్లడ్ అయ్యేవాడు. లేకపోవడం వల్ల సందిగ్ధత మిగిలింది.

వలస పాలనను ఎదిరించిన దొంగలు

ఈస్ట్ ఇండియా కంపెనీ రికార్డులు దొంగలని రాసినవారిలో అనేకులు తమ తీరాల్లో పాలకులు, సేనానులు. మరాఠా నౌకాదళాధిపతి కాన్హోజీ ఆంగ్రే (మరణం 1729) కొంకణ తీరంలో వెళ్లే ఓడలకు అనుమతి పత్రాలు తీసుకోవాలని షరతు పెట్టాడు. బ్రిటిష్‌వారు అతన్ని సముద్రపు దొంగ అన్నారు. ముంబైలోని భారత నౌకాదళ స్థావరానికి నేడు ఆంగ్రే పేరే ఉంది. 2007 నాటి డిస్నీ చిత్రంలో దొంగల ప్రభువుల సభలో సుంభాజీ ఆంగ్రియా అనే పాత్ర ఈ వంశం పేరు మీద వచ్చిందే.

ఇటాలియన్ టెలివిజన్ ధారావాహిక ‘సాందోకాన్’ (1976)లో కబీర్ బేడీ ప్రధాన పాత్ర పోషించి యూరప్‌లో గొప్ప పేరు తెచ్చుకున్నాడు. అందులో శత్రువు సరావక్ తెల్ల రాజు జేమ్స్ బ్రూక్. హిందీలో గురుదత్ ‘బాజ్’ (1953) పోర్చుగీసువారిపై తిరగబడే యువతిగా గీతాబాలిని చూపింది. తమిళంలో బి.ఆర్. పంతులు తీసిన ‘ఆయిరత్తిల్ ఒరువన్’ (1965) ‘కెప్టెన్ బ్లడ్’ కథకు దగ్గరి రూపం. వైద్యుడిగా ఉండి, బానిసై, ఓడదొంగల్లో చేరే పాత్రలో ఎం.జి. రామచంద్రన్ నటించాడు. జయలలితతో ఆయన తొలి చిత్రమిదే. ప్రియదర్శన్ మలయాళ చిత్రం ‘మరక్కార్’ (2021) పోర్చుగీసువారు 1600లో గోవాలో చంపిన నాలుగో కుంజాలి మరక్కార్ కథ. అందులోని ఓడలు, సముద్ర యుద్ధాలు చాలావరకు హైదరాబాద్‌లోని రామోజీ ఫిల్మ్ సిటీలో వేసిన సెట్ల మీద చిత్రించినవి. ‘థగ్స్ ఆఫ్ హిందోస్థాన్’ (2018)లో పూటకో పక్షం మార్చే ఫిరంగీగా ఆమిర్ ఖాన్ చేసిన ప్రయత్నాన్ని చాలామంది స్పారోతో పోల్చారు. తొలిరోజు వసూళ్లు భారీగా వచ్చినా చిత్రం నిలవలేదు.

తెలుగు సినిమాలో ఈ స్థానాన్ని చాలాకాలం నేల మీది బందిపోటు ఆక్రమించాడు. బి. విఠలాచార్య దర్శకత్వంలో ఎన్.టి. రామారావు నటించిన ‘బందిపోటు’ (1963), చిరంజీవి ‘కొండవీటి దొంగ’ (1990) ఆ కోవలోవి. కొరటాల శివ ‘దేవర’ (2024) కథను సముద్రం మీదికి తెచ్చింది. జూనియర్ ఎన్టీఆర్ పోషించిన దేవర ఓడల నుంచి దొంగసరుకు దించే ఊళ్లకు పెద్ద. ఆ సరుకు ఆయుధాలని, వాటివల్ల ప్రాణాలు పోతున్నాయని గ్రహించాక అదే సముద్రానికి కాపలాదారుగా మారి తనవారికే భయమవుతాడు. ఇక్కడ దోషం కడగడానికి రాజు మారలేదు, నాయకుడే తన చేతిపనిని నిషేధించుకున్నాడు.

ఆకర్షణకు కారణాలు

పేదల కళ్లలో వీరుడైన దొంగను చరిత్రకారుడు ఎరిక్ హాబ్స్‌బామ్ ‘బాండిట్స్’ (1969)లో సామాజిక బందిపోటుగా వర్ణించాడు. ప్రభువు చేసే దోపిడీని దోచేవాడిగా ప్రజలు అతన్ని చూస్తారన్నది ఆ వాదన సారం. సముద్రపు దొంగకు అదనంగా కలిసొచ్చేవి మూడు. ఒకటి, ఓడలో పుట్టుక గొప్పతనం చెల్లదు, నాయకత్వం నైపుణ్యంతో వస్తుంది. రెండు, సముద్రం మీద ఊరు, కుటుంబం, పొలం ఉండవు కాబట్టి అతని దాడికి బలైన ఇల్లు తెరమీద కనిపించదు. మూడు, అతని మాట ఎప్పుడు నిజమో తెలియకపోవడం వల్ల ప్రతి సన్నివేశంలోనూ ఉత్కంఠ ఉంటుంది. ధీరోదాత్తుడు ఏం చేస్తాడో ముందే తెలుస్తుంది, సిల్వర్, స్పారోల విషయంలో తెలియదు.

విమర్శలు

సినిమా ఎంచుకున్నదానికన్నా వదిలేసినదే ఎక్కువన్నది ప్రధాన విమర్శ. ఎక్స్‌క్వెమెలిన్ నమోదు చేసిన నియమాల ప్రకారం కుడిచేయి పోయినవాడికి 600 స్పానిష్ వెండి నాణేలు లేదా ఆరుగురు బానిసలు ఇవ్వాలి. పరిహారపు నిబంధన ‘కెప్టెన్ బ్లడ్’లో సమానత్వానికి గుర్తుగా కనిపిస్తుంది, బానిసల ప్రస్తావన ఉండదు. బ్లాక్‌బియర్డ్ ప్రఖ్యాత ఓడ ‘క్వీన్ ఆన్స్ రివెంజ్’ అంతకుముందు బానిసలను తరలించిన ఫ్రెంచి ఓడ. బార్తలొమ్యూ రాబర్ట్స్ ముఠా 1722లో పశ్చిమాఫ్రికాలోని విదా రేవులో, లోపల గొలుసులతో బంధించి ఉన్న సుమారు 80 మంది బానిసలతో సహా ఒక ఓడను తగలబెట్టింది. హెన్రీ ఎవరీ ముఠా మనుషులు ‘గంజ్-ఇ-సవాయి’లోని యాత్రికులపైన, స్త్రీలపైన రోజుల తరబడి అత్యాచారాలు సాగించారు. ఈ ఘటనల్లో ఏదీ సాహస చిత్రంగా రాలేదు.

వర్తమానపు సముద్ర దోపిడీని చూపిన చిత్రాల్లో పాత ఆకర్షణ మాయమవుతుంది. 2009లో సోమాలియా తీరంలో జరిగిన ఘటనపై పాల్ గ్రీన్‌గ్రాస్ తీసిన ‘కెప్టెన్ ఫిలిప్స్’ (2013) దొంగల పేదరికాన్ని, వారిపై పెత్తందార్ల ఒత్తిడిని చూపింది, దొంగల నాయకుడిగా బర్ఖద్ అబ్దీ నటనకు ఆస్కార్ నామినేషన్ వచ్చింది. అయినా కథానాయకత్వం బందీ అయిన కెప్టెన్‌దే. బందీకి పేరు, ముఖం, ఇంట్లో ఎదురుచూసే మనుషులు ఉన్నప్పుడు ప్రేక్షకుడి అభిమానం దొంగవైపు వెళ్లడం కష్టం. ‘బ్లాక్ సెయిల్స్’ (2014–2017) ధారావాహిక బానిసల తిరుగుబాటును దొంగల కథలోకి తెచ్చి, విస్మరించిన మనుషులకు చోటిచ్చే ప్రయత్నం చేసింది. దోపిడీకి గురైనవారు తెరమీదికి వచ్చేకొద్దీ దొంగను ప్రేమించడానికి సినిమా చెప్పాల్సిన కారణాలు పెరుగుతున్నాయి.